కత్తి పదును

ఏటుకూరు రోడ్డులో ఫంక్షన్ హాలు, మేడ మీద ఏసీ గది.
పన్నెండు కుర్చీలు.
మిర్చియార్డు షావుకార్ల ఎదురుగా
సముద్రం అవతలి కొనుగోలుదార్లు కూర్చుంటారట ఇవాళ.

తెల్ల దుప్పటి పరుస్తున్నాను.
మడత గీత బల్లకి సరిగ్గా నడుమ పడాలి,
పాపిట తీసినట్టు.
ఆ మాట జకరయ్య తాతది.
మిషన్ బంగళాలో దొరసానికి వడ్డించి వడ్డించి,
దొరసాని ఓడెక్కాక
బ్రాడీపేట నాలుగో లైను మెస్సులో
మజ్జిగ గ్లాసులు కడుక్కున్న మనిషి.

"చెయ్యి చూపించు రూతమ్మా" అన్నాడు మొదటిరోజు.
గోళ్ళు చూస్తాడనుకున్నా.
బొటనవేలి కణుపు మీద బాల్‌పెన్నుతో గీత గీశాడు.
"ఇదే నీ స్కేలు. బల్ల అంచుకీ పిడికీ ఇంతే ఎడం.
దొరల కొలతలు దొరలతోనే పోయినయ్యి,
నీ వేలు నీతోనే ఉంటది."

ఫోర్కు ఎడమకి, కత్తి కుడికి, దాని పక్కన చెంచా.
ఫోర్కు పళ్ళు పైకి. బోర్లించబాక.
పిడి పట్టుకో, మొహం పట్టుకోబాక.
వేలిముద్ర పడ్డ చెంచా ఎంగిలైనట్టే.
నీళ్ళ గ్లాసు కత్తి మొన మీదుగా నిలబడాలి,
దేవిడీ ముందు జవానులా.
"కత్తి పదును మాత్రం ఎప్పుడూ పళ్ళెం వైపే.
బయటికి తిప్పావా,
అన్నం పెట్టకముందే పొడిచినట్టు."

మా అమ్మ పెళ్ళిళ్ళలో విస్తళ్ళు ఎత్తేది.
ఆకు కొస ఎటుండాలో, ఉప్పు ఏ మూల వెయ్యాలో
అన్నీ తెలుసు ఆమెకి, దూరంగా నిలబడి చూసి.
పరిచే పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు.
నేను పరుస్తున్నాను. దుప్పటి అంచు సర్దేటప్పుడల్లా
ఆమె చెయ్యి కూడా పక్కన ఉన్నట్టుంటుంది,
తడిగా, పులుసు వాసనతో.

వచ్చారు. చొక్కాల్లో మిరపఘాటు తెచ్చారు.
గది గదంతా ఒకేసారి తుమ్మింది.
వెంకటప్పయ్య గారనే పెద్ద షావుకారు
ఫోర్కునీ కత్తినీ జతగా పట్టుకుని
గుమ్మంలో చెప్పులు విడిచినట్టు పక్కకి పెట్టాడు.
"గోంగూర ఉందా అమ్మాయ్?"
కలుపుతుంటే ఎదుటి తెల్లాయన కాసేపు చూసి
తనూ చెయ్యి పెట్టాడు. ముద్ద నోటిదాకా రాలేదు,
టై మీద ఆగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
గంటన్నర సర్దిన వరసలు
అట్టాగే పడుకుని ఉన్నాయి, ముట్టుకున్నవాడు లేడు.
అయినా వేడినీళ్ళలో వేసి తుడవాల్సిందే.
బల్ల ఎక్కిన చెంచాకి స్నానం తప్పదు.

రాత్రి లెక్క. చెంచాలు ఇరవైమూడు.
ఇరవైనాలుగుండాలి.
సూపర్‌వైజర్ శేషగిరి మూడుసార్లు ఎంచాడు.
నాలుగోసారి ఎంచలేదు,
నా సంచి బల్ల మీద బోర్లించాడు.
తెల్ల దుప్పటి మీద, మడత గీతకి అడ్డంగా:
పళ్ళూడిన దువ్వెన, ఆటోకి చిల్లర,
పిల్లకని కాగితంలో చుట్టిన రెండు జాంగ్రీలు.
జాంగ్రీల వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు.

చెంచా గోంగూర గిన్నె అడుగున దొరికింది.
"ఆఁ, దొరికింది" అన్నాడు, గోడకి చెప్పినట్టు.
నా దువ్వెన నేనే ఏరుకున్నాను.

పొద్దున మళ్ళీ అదే గది.
ఓనరు గారి భోజనం, బల్ల చివర శేషగిరికి కూడా కుర్చీ.
దుప్పటి మార్చాను. పాపిట తీశాను.
పదకొండు కత్తులు కణుపు ఎడంలో, పదును పళ్ళెం వైపు.
పన్నెండోది బయటికి తిప్పాను,
నీళ్ళు పోయడానికి నేను నిలబడే వైపుకి.
నిన్న అది ఎటు చూసిందో అటే.

తిన్నారు, లేచారు. ఎవరి కంటా పడలేదు.
జకరయ్య తాతయితే
గుమ్మంలోంచే చదివేవాడు.